బ్రూనింగ్ నిజాయితీ ఎవరి పాలిట?

జర్మన్ ఛాన్సలర్ హైన్రిఖ్ బ్రూనింగ్ నిరాడంబరుడనీ, ఆర్థిక సంక్షోభంలో ఆయనకు వేరే దారి లేకపోయిందనీ కొందరు చరిత్రకారుల వాదన. నిరాడంబరత సంగతి ఒప్పుకుంటాను. దారి లేదన్న మాట ఒప్పుకోను.

1930 మార్చిలో ఆయన గద్దెనెక్కాడు. జూలైలో ఆయన పొదుపు శాసనాన్ని రైఖ్‌స్టాగ్ తిరస్కరించింది. ఆయన ఆ సభనే రద్దు చేయించాడు. సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలు 12 స్థానాల నుంచి 107కి ఎగబాకారు. అయినా బుద్ధి రాలేదు. రాజ్యాంగం 48వ అధికరణాన్ని అడ్డుపెట్టుకొని, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర శాసనాలు కురిపించాడు. నిరుద్యోగ భృతి తగ్గించాడు. 1931 డిసెంబరులో వేతనాలను 1927 జనవరి స్థాయికి దించాడు. 1932 తొలినాళ్లకు నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. యుద్ధ నష్టపరిహారం చెల్లించలేమని విజేతలకు రుజువు చేయాలట! ఆ రుజువుకు సాక్ష్యం కార్మికుడి ఖాళీ కంచం.

దారి లేదా? అప్పు చేసైనా ప్రజాపనులు పెట్టి 10 లక్షలమందికి పని చూపమని 1932లో కార్మిక సంఘాలు పథకమే ఇచ్చాయి. బ్రూనింగ్ చెవిని పెట్టలేదు. సోషల్ డెమొక్రాట్ నాయకులూ జంకారు.

మనవాళ్లనూ నేను వదలను. హిట్లర్ కంటే నయమని సోషల్ డెమొక్రాట్లు బ్రూనింగ్‌ను భరించారు. కమ్యూనిస్టులు ఆ సోషల్ డెమొక్రాట్లనే ప్రధాన శత్రువులన్నారు. ఇద్దరి పట్టుదలకూ కార్మికవర్గమే మూల్యం చెల్లించింది.

1932 మే 30న హిండెన్‌బర్గే బ్రూనింగ్‌ను సాగనంపాడు. జూలైలో నాజీలకు 230 స్థానాలు దక్కాయి. సభను పక్కకు నెట్టి సంతకంతో పాలించవచ్చని ప్రజలకు రెండేళ్లు అలవాటు చేసింది ఈ నిజాయితీపరుడే. హిట్లర్ ఆ అలవాటుకు వారసుడయ్యాడు.