సంతకానికి ముందు శరీరం తెలియాలి

గర్భం లేని రోజుల్లో గర్భసంచి పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5, మందం 2.5. దానికి ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం. బొడ్డుకు చాలా కింద, కటి ఎముకల నడుమ ఉంటుంది. నెలలు నిండేసరికి దాదాపు కిలో బరువుకు పెరుగుతుంది. కాన్పయ్యాక ఆరు వారాల్లో మళ్లీ ఇంచుమించు పాత పరిమాణానికి వస్తుంది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థి ఈ సంగతులు తెలియకుండా పరీక్ష గట్టెక్కలేడు. అదే అవయవాన్ని తీయించుకోవడానికి సంతకం పెడుతున్న స్త్రీకి మాత్రం వీటిలో ఒక్కటీ ఎవరూ చెప్పరు. ఇది అన్యాయమని, సరిదిద్దగలిగిన అన్యాయమని చెప్పడానికే ఈ వ్యాసం.

నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో అనాటమీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బట్ట మీద గీయించిన శరీర పటం పట్టుకుని ఊళ్లలో పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్తుంటాను. పటం విప్పకముందే ఒక ప్రశ్న అడుగుతాను: ‘‘గర్భసంచి ఎక్కడుంటుందో మీ ఒంటి మీద చూపించండమ్మా.’’ ఎక్కువ మంది బొడ్డు మీద చెయ్యి పెడతారు. కొందరు పొట్టంతా చూపిస్తారు. ఆపరేషన్ అయినవాళ్లు కుట్ల మచ్చ చూపిస్తారు. ‘‘అండాశయాలు ఉంచారా, తీశారా?’’ అంటే, ‘‘సంచి తీసేశారు మేడమ్, అంతవరకే తెలుసు’’ అంటారు. వీళ్లలో ముప్పై దాటని వాళ్లుంటారు. ఎందుకు తీశారంటే తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో, ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు’ అనో చెబుతారు.

మన రెండు రాష్ట్రాల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం పైన. అంతకుముందు సర్వేలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశంలోని ఆడవాళ్ల గర్భసంచుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా జబ్బు పడతాయని ఏ అనాటమీ పుస్తకంలోనూ లేదు.

గర్భసంచి ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు. క్యాన్సర్ వచ్చినప్పుడు, ఏ మందుకూ ఆగని రక్తస్రావం ప్రాణం మీదికి తెచ్చినప్పుడు, పెద్ద పెద్ద గడ్డలు బతుకు భారం చేసినప్పుడు, గర్భసంచి బాగా కిందికి జారినప్పుడు అది ప్రాణం నిలిపే వైద్యం, సుఖాన్నిచ్చే వైద్యం. అవసరం ఉందో లేదో తేల్చే మాటల్లో రోగికి పాలు లేకపోవడమే నా బాధ. ఆ పాలు పంచుకోవడానికి కావలసిన అనాటమీ చాలా కొంచెం. ఒక మధ్యాహ్నంలో నేర్పవచ్చు. నేను నేర్పుతున్నాను కూడా.

మన శరీరంలో మూలమైన కణజాలాలు నాలుగే: పైపొరలుగా పరుచుకునే ఉపకళా కణజాలం, కట్టి నిలిపే సంయోజక కణజాలం, కదిలించే కండర కణజాలం, కబురు మోసే నాడీ కణజాలం. ఈ నాలుగూ గర్భసంచిలోనే చూపించవచ్చు. లోపలి గోడకున్న పొర ఉపకళ, దాని కింది మెత్తని కణజాలం కలిసి తయారైనది. నెలనెలా దీని పైభాగం ఊడిపోతుంది, అడుగున మిగిలిన భాగం నుంచి మళ్లీ పెరుగుతుంది. నెలసరిలో పోయేది చెడు రక్తం కాదు, ఈ పొరా దానితో వచ్చే మామూలు రక్తమూ. ఆ పొర చుట్టూ మందంగా ఉన్న గోడ నునుపు కండరం. కాన్పు నొప్పులప్పుడు బిడ్డను తోసేది అదే, నెలసరిలో పొత్తికడుపు మెలిపెట్టేదీ అదే. ఆ గోడను కటి భాగంలో పట్టి ఉంచే కట్లు సంయోజక కణజాలం. నొప్పిని మెదడుకు చేరవేసేవి నాడులు. గర్భసంచి నుంచి వచ్చే నాడులూ నడుము, తొడల నుంచి వచ్చే నాడుల్లో కొన్నీ వెన్నుపాములో దగ్గర దగ్గరగా చేరతాయి. అందుకే ముట్టు నొప్పి నడుములో తెలుస్తుంది. అలాగని నడుము నొప్పికల్లా గర్భసంచే కారణం కాదు. పొద్దంతా వంగి నాట్లు వేసే మనిషి నడుము నొప్పికి వెన్నెముక కండరాలు, డిస్కులు చాలు.

ఈ విభజనకు పునాది వేసినవాడు ఫ్రెంచి వైద్యుడు జేవియర్ బిషా. 1800 ప్రాంతంలో, మైక్రోస్కోపు జోలికి పోకుండానే, శవపరీక్షలు చేసి 21 రకాల కణజాలాలను వేరుచేశాడు. ముప్పై ఏళ్లకే చనిపోయాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఇది: జబ్బు అవయవానికంతటికీ రాదు, అందులోని ఏదో ఒక కణజాలానికి వస్తుంది, పక్కనున్న కణజాలం నిక్షేపంగా ఉండవచ్చు. ‘సంచి పాడైంది’ అన్న మాట విన్న ప్రతి స్త్రీ అడగవలసిన ప్రశ్న ఇందులోనే ఉంది: ఏ భాగం పాడైంది? లోపలి పొరా, కండరమా, ముఖద్వారమా? పొరలో హార్మోన్ల తేడా ఉంటే చాలాసార్లు మందులున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం ఉంది. కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్ కావడం అత్యంత అరుదు. ముట్లుడిగాక అది సాధారణంగా కుంచించుకుపోతుంది. తీయవలసి వస్తే, వీలున్నచోట గడ్డను మాత్రమే తీయవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్నది ముఖద్వారం దగ్గర కనిపించే ఎరుపు. ‘గర్భసంచికి పుండు పడింది’ అంటారు. ఆ పుండు అనేది చాలామందిలో ఏమిటో చెబుతాను. గర్భాశయ ముఖద్వారం బయటి భాగాన్ని అనేక వరుసల కణాలున్న దళసరి పొర కప్పి ఉంటుంది, అది లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. లోపలి దారిని కప్పేది ఒకే వరుస కణాల పొర. అది పలచన కాబట్టి అడుగున ఉన్న రక్తనాళాలు తెలిసి ఎర్రగా కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఈ లోపలి పొర కొంత బయటికి వస్తుంది. దాని కణాలు జిగురును స్రవిస్తాయి కాబట్టి తెల్లబట్ట కాస్త ఎక్కువ కావచ్చు. అది ఆరోగ్యమైన కణజాలమే, దాని చోటు కొంచెం మారింది, అంతే. దురద, దుర్వాసన ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి మందులు సరిపోతాయి.

ఆ రెండు పొరలూ కలిసే చోటును మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. ముఖద్వార క్యాన్సర్ చాలావరకు అక్కడే మొదలవుతుంది. అయితే అది ఏళ్లు తీసుకుంటుంది, ముందే పట్టుకునే పరీక్షలున్నాయి. 30 దాటిన మహిళలకు ఎసిటిక్ ఆమ్లం రాసి చూసే వీఐఏ పరీక్ష ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో ఉంది. పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. క్యాన్సర్‌కు ముందటి మార్పు కనిపిస్తే సాధారణంగా ఆ కొద్ది భాగానికి చికిత్స చేస్తే సరిపోతుంది. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా ఒక్క వారం కూడా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష చేయకుండా ‘క్యాన్సర్ వస్తుందేమో’ అని అవయవం తీయడం వైద్యం కాదు.

స్కానింగ్ రిపోర్టులోని మాటలు కూడా మనుషుల్ని వణికిస్తున్నాయి. సమావేశాలకు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా రిపోర్టులు తెస్తారు. ‘యాంటీవర్టెడ్’ అని ఉంటే గర్భసంచి తిరగబడిందని ఏడ్చిన అమ్మాయిని చూశాను. గర్భసంచి ముందుకు వాలి ఉందని దానర్థం, ఎక్కువమందిలో ఉండే తీరు అదే. ‘రెట్రోవర్టెడ్’ అంటే వెనక్కి వాలింది, ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి అలా ఉంటుంది. ‘బల్కీ’ అంటే కాస్త పెద్దదిగా ఉందని. ‘నాబోథియన్ సిస్ట్’ అంటే ముఖద్వారంలోని గ్రంథి మూసుకుపోయి జిగురు నిలిచిన చిన్న బుడగ, దానితో ప్రమాదం లేదు. ‘కుడి అండాశయం’ అంటే మనిషి తన కుడిచేతి వైపు ఉన్నది, ఎదుట నిలబడి చూసేవారి కుడి కాదు. ఈ అయిదారు మాటలు తెలిస్తే సగం భయం తగ్గుతుంది. భయం తగ్గిన మనిషి రెండో అభిప్రాయానికి మరో డాక్టరు దగ్గరికి వెళ్లగలదు.

‘పిల్లలు పుట్టేశారు, ఇక సంచితో పనేముంది?’ అని ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు చికిత్స చేసేవాళ్లు కూడా అంటారు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముక నిర్జీవమైన వస్తువు కాదు. నిత్యం కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉండే సంయోజక కణజాలం. ఆ కరుగుదలను అదుపులో ఉంచే హార్మోను ఈస్ట్రోజెన్. అది ముప్పైల్లోనే పోతే ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా వాటికి వెళ్లే రక్తంలో కొంత గర్భసంచి ధమని నుంచి వస్తుంది కాబట్టి, కొందరిలో ముట్లుడిగే దశ కొంత ముందుగా వస్తుంది. ఇక ఆపరేషన్ బల్ల మీద ఉండే ప్రమాదం: మూత్రపిండం నుంచి వచ్చే మూత్రనాళం ముఖద్వారానికి రెండు సెంటీమీటర్ల లోపు దూరంలో, గర్భసంచి ధమని కిందుగా సాగిపోతుంది. వంతెన కింద నీళ్లు అని విద్యార్థులతో బట్టీ పట్టిస్తాం. ధమనిని కట్టేటప్పుడు ఆ నాళం దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టే అంత గట్టిగా చెబుతాం. ఇంత జాగ్రత్త కోరే ఆపరేషన్‌ను చిన్న పనిగా చెప్పి ఒప్పించడం తప్పు.

ఆడవాళ్లే తీసేయమని అడుగుతారని డాక్టర్లు అంటారు. అది నిజమే. నెలకు అయిదు రోజులు కూలి పోతుంది. చేలో మరుగు ఉండదు, గుడ్డ మార్చుకునే చోటుండదు. తీయించేసుకుంటే పీడ పోతుందని ఆమె లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కను నేను తప్పు పట్టను. కాని అందులో నలభై ఏళ్లకే వచ్చే మోకాళ్ల నొప్పి, ఒళ్లంతా ఆవిర్లు, విరిగే తుంటి ఎముక లేవు. వాటి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి లేవు. అవి కూడా తెలిశాక ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా అది ఆమె నిర్ణయం. అరకొర జ్ఞానంతో రోగులు వాదిస్తారని భయపడే డాక్టర్లకు నా మనవి: ఇప్పుడు వాళ్ల దగ్గరున్నది అరకొర కూడా కాదు, వట్టి భయం. అర్థం చేసుకున్న రోగి మందు సరిగ్గా వాడుతుంది, పరీక్షకు వేళకు వస్తుంది.

చట్టం కూడా ఇదే కోరుతోంది. పరీక్ష కోసమే అంగీకరించి మత్తులో ఉన్న స్త్రీకి గర్భసంచి, అండాశయాలు తీసేసిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది: చేయబోయేదేమిటో, ప్రత్యామ్నాయాలేమిటో, ముప్పేమిటో రోగికి తెలియజెప్పాకే సమ్మతి సమ్మతి అవుతుంది. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటిలో జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఉన్నాయి. కమిటీ ఆపరేషన్ల లెక్కలు చూడగలదు. సంతకం పెట్టే గదిలో ఆ స్త్రీ పక్కన మాత్రం కూర్చోలేదు. అక్కడ ఆమెకు తోడుండేది ఆమెకు తెలిసిందే.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. మొదటిది, గర్భసంచి ఆపరేషన్ సమ్మతి పత్రం తెలుగులో, బొమ్మతో ఉండాలి. తీయబోయే భాగాన్ని డాక్టరు ఆ బొమ్మ మీద గీసి చూపించాలి, అండాశయాలు ఉంచుతున్నారో తీస్తున్నారో విడిగా రాయాలి. రెండోది, హైస్కూలు జీవశాస్త్రంలో కణజాలాల పాఠాన్నీ ప్రత్యుత్పత్తి పాఠాన్నీ మార్కుల కోసం దాటవేయకుండా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ తమ ఒంటి మీద ఏది ఎక్కడుందో గుర్తుపట్టేలా చెప్పాలి. రేపు ఆ కాగితం మీద సాక్షి సంతకం పెట్టేది ఆ మగపిల్లలే. మూడోది, తెలంగాణలో ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ కళాశాలలు పెరిగాయి. ప్రతి కళాశాల అనాటమీ విభాగంలో మ్యూజియం ఉంటుంది. నెలకొక రోజు దాన్ని ఆశా కార్యకర్తలకు, పొదుపు సంఘాల మహిళలకు తెరవాలి. మొదటి సంవత్సరం విద్యార్థులే తెలుగులో చెప్పాలి.

ఇది ఉపకారంగా అడగడం లేదు. మేం నేర్చుకున్న ప్రతి నాడీ, ప్రతి రక్తనాళం సామాన్యుల దేహాల మీద నేర్చుకున్నవే. అయినవాళ్లెవరూ రాని శవాలు, ఇష్టపడి దేహదానం చేసినవారి శరీరాలు మా బల్లల మీద పడుకుని మాకు చదువు చెప్పాయి. ఆ చదువు మీద జనానికి హక్కుంది. కళాశాలల ప్రిన్సిపాళ్లకు ఇందుకు ప్రత్యేక నిధులు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. వచ్చే నెలలోనే ఒక రోజు నిర్ణయించి మ్యూజియం తలుపులు తెరవవచ్చు. పాఠం చెప్పడానికి నాలాంటి రిటైరైన ఉపాధ్యాయులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, పిలిస్తే వస్తాం.