మొటిమల మందుకు చీటీ ఎందుకు?

“వయసులో మొటిమలు రాక మానవు, వాటంతటవే పోతాయి” అని పెద్దలు అనగా మీరు వినే ఉంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కాని కొందరికి ముఖం మీద, వీపు మీద, చర్మం లోతున పెద్ద పెద్ద గడ్డలు లేస్తాయి. చీము పడతాయి, సలుపుతాయి. మానిన చోట గుంటలు మిగులుతాయి. ఆ గుంటలు వయసుతో పోవు. అటువంటి పిల్లవాణ్ణి ఊరికే ఓర్చుకొమ్మనడం అన్యాయమని నా అభిప్రాయం. అది వ్యాధి. దానికి మందు ఉంది.

ఆ మందు ఐసోట్రెటినాయిన్. నోటితో మింగే గుళిక. విటమిన్-ఎ కు దగ్గరి చుట్టం. చర్మంలో వెంట్రుకల కుదుళ్ళ పక్కనే చర్మవసా గ్రంథులు ఉంటాయని మీరు చదువుకున్నారు కదా! యౌవనంలో హార్మోన్ల ప్రభావం వల్ల ఇవి జిడ్డును ఎక్కువగా తయారుచేస్తాయి. చనిపోయిన చర్మకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రానికి బిరడా వేస్తాయి. లోపల బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. తక్కిన మందుల్లో కొన్ని బాక్టీరియాను అణచుతాయి, కొన్ని రంధ్రాన్ని తెరుస్తాయి. ఇది ఆ గ్రంథులనే కుదించివేస్తుంది. 1979లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక పరిశోధనలో, తీవ్రమైన మొటిమలున్న 14 మందిలో 13 మందికి పూర్తిగా నయమయింది. 1982లో ఆ దేశం దీని అమ్మకానికి అనుమతి ఇచ్చింది.

అంత మంచి మందయితే దుకాణంలో కొనుక్కుంటే పోలేదా? పోలేదు. విటమిన్-ఎ నుంచి వచ్చే ఆమ్లాలు కణాలు ఎలా పెరగాలో నిర్ణయిస్తాయి. తల్లి కడుపులో శిశువు అవయవాలు ఏర్పడే వేళ ఈ మందు అందితే మెదడు, గుండె, చెవులు వికృతం కావచ్చు. కొద్ది రోజులు వాడినా ప్రమాదమే. అమెరికాలో అలా పుట్టిన శిశువులు ఉన్నారు. అందుకే 2006 నుంచి అక్కడ పేరు నమోదు చేసుకున్న రోగికే ఈ మందు ఇస్తున్నారు. బడిపిల్లలకు ఈ మాటలెందుకని కొందరు పెద్దలు అనవచ్చు. ఈ మందు అవసరపడే వయసు మీదే. మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?

మన దేశంలోనూ వైద్యుడి చీటీ లేనిదే దీన్ని అమ్మరాదు. స్నేహితుడి చీటీ మీకు పనికిరాదు. మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది, చికిత్స సాధారణంగా 4 నుంచి 6 నెలలు సాగుతుంది. పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ తప్పదు. అది చిన్న బాధ. రక్తంలో కొవ్వు పెరగడం, కాలేయం దెబ్బతినడం పైకి కనబడవు కనుక రక్తపరీక్షలు అవసరం. వైద్యుడు పరీక్ష మాట ఎత్తకపోతే మీరే అడగండి. మనసు దిగులుగా ఉంటే ఇంట్లోనూ, వైద్యుడికీ వెంటనే చెప్పండి. దీనితోపాటు విటమిన్-ఎ మాత్రలు మింగరాదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు కలిపి వాడితే తలలో ఒత్తిడి పెరగవచ్చు.

మీ అన్నయ్యో అక్కయ్యో ఈ మందు వాడుతుంటే మరొకటి కూడా చెప్పండి. మందు ఆపిన నెల దాకా రక్తదానం చేయరాదు. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో!