అద్దె పాటదారులు

ఉయ్యూరు ప్రాంతమున దేవాలయ భూముల కౌలునకు గాని, పంచాయతీ చెరువులోని చేపలకు గాని వేలము జరుగునపుడు "సర్కారువారి పాట" యని మొదలై, "ఒకటోసారి, రెండోసారి" యని అధికారి ఆగి ఆగి పలుకుట మన పాఠకు లెల్లరు నెరిగినదే. ఆ యాగుటయందే న్యాయమున్నది. ఎవడైన నింకొక పాట పాడినచో లెక్క మరల మొదటికి వచ్చును. గడియారముతో నిమిత్తము లేదు. పాడువారి గొంతులు నిలిచినపుడే పాట కొట్టివేయబడును.

1995లో అమెరికాలో పుట్టిన ఈబే సంస్థ యీ పద్ధతిని విడిచి గడియారమును నమ్ముకొన్నది. ముందుగా ప్రకటించిన క్షణమున వేలము ముగియును. ఇక చెప్పవలెనా! ఎదుటివానికి బదులు పాడుటకు వ్యవధి లేకుండ కడపటి రెండు మూడు సెకండ్లలో పాడుట యొక విద్యయైనది. ఆ విద్యను అద్దెకిచ్చు కంపెనీలును వెలసినవి. వేలము సంస్థతో సంబంధము లేని యీ మూడవవారికి మన ఖాతా పేరును, పాస్‌వర్డును అప్పగించినచో, మనము నిద్రించుచుండగా వారి యంత్రము పాడును. ఇంటి తాళపుచెవిని పరాయివాని చేత పెట్టుట యే పాటి వివేకమో కొనువారే ఆలోచించుకొందురు గాక.

అనుమతి లేని యంత్రములను ఈబే తన నిబంధనలలో నిషేధించినది. బిడ్డర్స్ ఎడ్జ్ అను కంపెనీపై 2000 మే 24న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానము నుండి తాత్కాలిక నిషేధపుటుత్తరువును గూడ సంపాదించినది. నిజమునకు ఆ కంపెనీ పాటలు పాడినది కాదు. పలు వేలముల ధరలను ఒక్కచోట చూపుటకై రోజునకు సుమారు లక్షసార్లు ఈబే యంత్రములను తట్టెడిది. పరుల సొత్తుపై అక్రమ ప్రవేశమను పాత సూత్రమే దానికిని వర్తించినది. తన గడపను కాచుకొను హక్కు సంస్థకు గలదు, కాదనము. కాని మన గరిష్ఠ ధరను ముందుగా చెప్పినచో, మన తరఫున కొంచెము కొంచెముగా పెంచుచు పాడు యంత్రమును ఆ సంస్థయే నడుపుచున్నది! తన యంత్రము సాధువును, పరుల యంత్రము దొంగయునా?

మా యభిప్రాయమున రోగమంతయు ముగింపు నియమముననే యున్నది. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన పరిశోధనయు నీ మాటకే బలమిచ్చుచున్నది. అమెజాన్ ఆనాడు నడపిన వేలములలో కడపటి పది నిమిషములలో పాట వచ్చినచో గడువు పొడిగింపబడెడిది. అక్కడ కడక్షణపు పాటలు ఈబేలో కంటె చాల తక్కువగా నుండెను. అది మన యూరి వేలము పద్ధతియే గదా. మన ప్రభుత్వ సంస్థల ఇ-వేలములలోను పెక్కింట నీ పొడిగింపు గలదు.

ఈబే వారి భారతదేశపు అంగడి 2018లోనే మూతపడినది, మనకేమి యనువా రుందురు. కౌలు పాట, చెరువు పాట ఆన్‌లైనునకు మారిన చోట, సెల్‌ఫోను చేతబట్టుకొని చేనిగట్టున నిలిచి పాడు కౌలురైతునకు, పట్టణమున కూర్చున్నవాని యంత్రమునకు పోటీ యేమి? గడువు పొడిగింపు నియమమును వేలము ప్రకటనలోనే అచ్చువేయవలెననియు, యంత్రపు పాట తప్పనిసరియైనచో దానిని వేలము నడుపువారే పాటదారు లందరికి రుసుము లేకుండ సమానముగా నీయవలెననియు దేవాదాయ శాఖను, పంచాయతీలను కోరుచున్నాము. ఖరీఫు కౌళ్ల ప్రకటనలు వెలువడుటకు ముందే యిది జరుగవలెను.