చెక్కిన గుమ్మడికాయకి బ్లీచెందుకు?

అక్టోబరు చివరికొస్తే చాలు, ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ ముందు కూడా కళ్ళూ పళ్ళూ చెక్కిన గుమ్మడికాయలు వెలుస్తాయి. వారం తిరక్కుండానే బూజు పట్టి, మొహం లోపలికి పీక్కుపోతుంది. ఇక మొదలు... బ్లీచు నీళ్ళలో ముంచడం, కోసిన అంచులకి వేజలీను రాయడం.

నన్నడిగితే ఇదంతా దండగ. మన గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ నెలల తరబడి ఎలా ఉంటుంది? దాన్ని కొయ్యం కాబట్టి. తొక్కే దాని ఫైర్‌వాల్. కోసి, లోపలి తడి కండని గాలికి వదిలేశాక బూజుని ఎవరాపగలరు? బ్లీచు కొన్నాళ్ళు వాయిదా వేస్తుందంతే. ఆ కాయనే ఉడతలొచ్చి కొరుకుతాయి, మరి వాటి సంగతేంటి? వేజలీను పక్కన కొవ్వొత్తి మంట ఇంకో ప్రమాదం.

హాలోవీన్ 31న కదా, 29నో 30నో చెక్కండి. లోపలి పీచూ గింజలూ శుభ్రంగా గోకెయ్యండి. కొవ్వొత్తి వేడికి బదులు ఎల్‌ఈడీ దీపం పెట్టండి. నెలంతా ఉండాలంటే కొయ్యకుండా మార్కరుతో బొమ్మ గీయండి. పండగయ్యాక పెరట్లో పాతిపెడితే ఎరువవుతుంది.

ఏటా వినాయకుణ్ణి నీళ్ళలో కలిపే మనకి, పండగ బొమ్మ నాలుగు రోజులే ఉంటుందని ఒకరు చెప్పాలా?