ఏ మాట ఎన్నిసార్లు?

బైబిల్లోని ఒక గ్రంథానికి కీలకపదమేదో తెలుసుకోవడానికి పండితులు మాటలు లెక్కపెడతారు. ఎక్కువసార్లు వచ్చినంత మాత్రాన అది కీలకపదం కాదు. 'మరియు' వంటి మాటలు అన్నిచోట్లా ఎక్కువే! ఇతర గ్రంథాలకన్నా ఇందులో ప్రత్యేకంగా వినిపించే మాట ఏదన్నదే ప్రశ్న.

యోహాను సువార్త చూడండి. గ్రీకు మూలంలో 'విశ్వసించు' అనే క్రియ 98 సార్లు ఉంది. మిగతా మూడు సువార్తలు కలిపినా 40 సార్లు రాదు. కానీ 'విశ్వాసం' అనే నామవాచకం యోహానులో ఒక్కసారైనా లేదు. తెలుగు బైబిల్లో చాలాచోట్ల 'విశ్వాసముంచు' అని ఉండడంతో ఈ తేడా మనకు తెలియదు. విశ్వాసమంటే దాచుకునే ఆస్తి కాదు, అనుదినం యేసును నమ్మి నడవడమేనని ఈ లెక్క గుర్తుచేస్తోంది.

అయితే లెక్కే సర్వస్వం కాదు. హెబ్రీ ఎస్తేరు గ్రంథంలో 'రాజు' అన్న మాట వందకు పైగా ఉంది, దేవుని పేరు ఒక్కసారీ లేదు. అయినా ఆ గ్రంథాన్ని నడిపించింది రాజు కాదు, దేవుడే!

వాక్యంలోని మాటలతోపాటు మన మాటలూ లెక్కపెట్టుకుందాం. మన ప్రసంగాల్లో, ప్రార్థనల్లో 'ఆశీర్వాదం' ఎన్నిసార్లు? 'పశ్చాత్తాపం' ఎన్నిసార్లు? మన హృదయానికి కీలకపదమేదో అప్పుడు తేలిపోతుంది.