షీటుమీది చిన్న యక్షరములు

మన యిండ్లలో తలనొప్పికిని, జ్వరమునకును, ఒంటినొప్పులకును మాత్ర వేసికొనుట మిక్కిలి సాధారణమైపోయినది. ఒకదానితో తగ్గనిచో గంట గడువకముందే మఱియొకటి. అదియు చాలనిచో పొరుగింటివారు మంచిదని చెప్పిన వేఱొకటి. ఇట్లు చేయువారిని నిందించుట నా యుద్దేశము కాదు. నొప్పిచే బాధపడువానికి ఓర్పు బోధించుట ఆరోగ్యవంతునకు సులభమే! నేను చెప్పదలచినది వేఱు. రెండు మాత్రలను కలిపి వాడవచ్చునా, కూడదా యను ప్రశ్నకు ఉత్తరము మాత్ర రంగులో లేదు. పెద్ద యక్షరములతో అచ్చువేసిన వ్యాపారనామములోను లేదు. ఆ నామము క్రింద చిన్న యక్షరములతో నున్న అసలు మందు పేరులో గలదు. దానిని చదువగలవారు ఇంట నొక్కరైన నుండవలెను. పెక్కు గృహములలో ఆ యొక్కరు మన పాఠశాల విద్యార్థియే.

మందుల అంగడిలో నొప్పికని యిచ్చు మాత్రలకు పేర్లెన్ని యున్నను, వానిలో చాల భాగము రెండు తెగలలో నిముడును. ఒకటి పారాసిటమాల్, ఇది తన తెగలో నొంటరి. రెండవది ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ మొదలగువాని పెద్ద కుటుంబము. ఆస్పిరిన్ వంటి మందులు శరీరమున ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు పుట్టకుండ అడ్డగించునని 1971లో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఆయన 1982లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. నొప్పిని, వాపును పెంచు ఆ పదార్థములే కడుపు లోపలి పొరను కాపాడును. మూత్రపిండములకు రక్తము చక్కగా పాఱుటకు తోడ్పడును. కావున ఈ కుటుంబములోని మందు నొప్పితోపాటు ఆ రక్షణను గూడ కొంత తగ్గించును. ఒకే కుటుంబములోని రెండింటిని కలిపి మ్రింగినవానికి ఉపశమనము రెట్టింపు కాదు. కడుపులో పుండ్లు, రక్తస్రావము, మూత్రపిండముల చెఱుపు అను భయము మాత్రము పెరుగును. ఉదయము ఐబుప్రొఫెన్, మధ్యాహ్నము డైక్లోఫెనాక్ వేసికొని, "రెండును వేఱువేఱు మందులే కదా" యనుకొనుట పొరపాటు.

అట్లని కలుపుట యెల్లప్పుడు తప్పని చెప్పరాదు. పారాసిటమాలును, రెండవ కుటుంబములో నేదో యొక్కదానిని, ఆరోగ్యవంతుడైన పెద్దవాడు తగిన మోతాదున కొలది దినములు కలిపి వాడవచ్చును. అవి పనిచేయు రీతులు వేఱగుటచే, పంటినొప్పి వంటివానికి ఈ జంట ఒంటి మందుకంటె మేలుగ పనిచేయును. కాంబిఫ్లామ్ అను మాత్రలో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెనును, 325 మిల్లీగ్రాముల పారాసిటమాలును ఇట్లే చేర్చబడియున్నవి. చిక్కంతయు ఇచ్చటనే గలదు. పారాసిటమాల్ అనేక మారువేషములతో నింట ప్రవేశించును. జ్వరపు మాత్రలో నదియే. జలుబు మాత్రలలో పెక్కింట నదియే. ఒళ్లునొప్పుల జంట మాత్రలలోను నదియే.

లెక్క వేసి చూడుడు. పెద్దవారికి 24 గంటలలో 4,000 మిల్లీగ్రాములు పారాసిటమాలునకు మేర. బక్కపలుచనివారికి, మద్యపానము చేయువారికి, కాలేయవ్యాధి గలవారికి అంతకంటె తక్కువ. ఒకడు జ్వరమునకు 650 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు వేసికొనెననుకొనుడు: 2,600. జలుబునకు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ గల మాత్రలు మూడు: 1,500. మొత్తము 4,100. రెండు షీట్లమీదను వ్రాసిన మోతాదును మీఱలేదు. అయినను మేర దాటినాడు! కాలేయము ఈ మందులో కొంత భాగమును విషముగా మార్చి, వెంటనే గ్లూటాథయోన్ అను పదార్థముతో దానిని అణచివేయును. ఆ నిలువ తఱిగిపోయినచో విషము కాలేయమునే కాల్చును. మొదటి దినమున బాధ యేమియు తెలియకపోవచ్చును. అందుచేతనే ఇది మోసకరము. విఱుగుడు మందు గలదు గాని, అది తొలి 8 గంటలలో నందినప్పుడే మిక్కిలి గుణమిచ్చును. మోతాదు మీఱెనని తెలిసినచో, బాధ లేదని యూరకుండక తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును.

ఇంటి పెద్దల మాట వేఱుగ చెప్పవలసియున్నది. గుండెకొఱకు తాతగారు ప్రతిదినము చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసికొనుచుందురు. మోకాలినొప్పికని దానికి ఐబుప్రొఫెన్ చేర్చినచో, కడుపునకు హానియే కాక, గుండెను కాపాడు ఆస్పిరిన్ పని కుంటువడవచ్చును. రక్తపుపోటు మందులు వాడు అమ్మమ్మకును రెండవ కుటుంబపు మాత్రలు వైద్యుని యడుగక ఈయరాదు. వానకాలపు జ్వరము డెంగ్యూ యేమోనను అనుమానమున్నంతవఱకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెనులను ముట్టనేరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును. పిల్లలకు జ్వరములో ఆస్పిరిన్ ఈయరాదు. నిమెసులైడును 12 ఏండ్లలోపు పిల్లలకు వాడకుండ మన దేశమున 2011లోనే నిషేధించిరి.

మందుల విషయమున పిల్లలు తలదూర్చుట యుచితమా యని కొందఱు తలిదండ్రులు అడుగవచ్చును. వైద్యము చేయుమని నేను చెప్పుటలేదు, చదివి చెప్పుమనుచున్నాను. ఉత్తరము చదివిపెట్టు కుఱ్ఱవాడు, బ్యాంకు కాగితము నింపిపెట్టు బాలిక, మాత్రల షీటు చదువుట తప్పెట్లగును? సైన్సు ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతిలో ఒక గంట ఇందులకు కేటాయించి, ఖాళీ షీట్లు తెప్పించి, అసలు పేర్లను గుర్తింపజేసిన బాగుండును. పరీక్షకు రాని పాఠమని విడువరాదు.

ఒక యడ్డంకి మాత్రము గలదు. అంగడివారు షీటును కత్తెరతో కత్తిరించి, రెండు మూడు మాత్రలను కాగితపు కవరులో వేసి యిత్తురు. పేరున్న ముక్క అంగడిలోనే నిలిచిపోవును. అట్టివేళ అసలు మందు పేరును, ఎన్ని మిల్లీగ్రాములో ఆ సంఖ్యను కవరుమీద వ్రాసి యిమ్మని మర్యాదగ నడుగుడు. వారికి తీఱిక లేనిచో, మీరే చూచి వ్రాసికొనుడు. కలము మీ జేబులోనే యుండును గదా.