చినుకు లేదు, మబ్బు లేదు - మామిడి చెట్టు కింద తడి ఎందుకు?

కార్వేటినగరం: పూత కాలంలో ఈ ప్రాంతపు మామిడి తోపుల్లోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టిన వారికి ఒక వింత ఎదురవుతుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. తెల్లవారి పడ్డ మంచు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అయినా తలమీద, భుజంమీద సన్నని తుంపర పడుతుంది. చెట్టు కింద ఎండుటాకులు నూనె పూసినట్టు మెరుస్తుంటాయి. చెట్టుకు చెమట పడుతోందని కొందరు, ఆకుల్లో దాగిన మంచు కారుతోందని కొందరు అనుకోవడం కద్దు.

అది చెమటా కాదు, మంచూ కాదు. ఆ తుంపరకు కారణం బియ్యపు గింజ కంటే చిన్నదైన ఒక పురుగు. దాని పేరులోనే జవాబు ఉంది: తేనెమంచు పురుగు. వేరుశనగలో పేనుబంకను చూసిన రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. రెండూ రసం పీల్చి బంక వదిలే బాపతే.

ఆకులు ఎండ వేడిమిలో తయారుచేసిన చక్కెర రసం కాడల గుండా పూతకు, పిందెకు చేరుతుంటుంది. పురుగు సూది వంటి నోటిని లేత కాడలో గుచ్చి ఆ రసాన్ని పీలుస్తుంది. అందులో తీపి ఎక్కువ, పురుగు ఎదగడానికి కావలసిన మాంసకృత్తులకు మూలమైన సరుకు బహు తక్కువ. ఆ కొంచెం కోసం అది అవసరానికి మించి తాగుతుంది. మిగిలిన తీపి నీటిని వెనుకనుంచి బొట్లు బొట్లుగా వదిలేస్తుంది. పూత నిండా పురుగులు చేరినప్పుడు కింద నిలబడిన మనిషికి అది చినుకుగా తోస్తుంది.

ఈ వింత మన తోపులకే పరిమితం కాదు. 1855లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో రిచర్డ్ స్ప్రూస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నిర్మలమైన ఆకాశం కింద ఒక చెట్టు నుంచి వాన కురవడం చూశాడు. తేరిపార చూస్తే కొమ్మలపై రసం పీల్చే పురుగులు కనిపించాయి.

అయితే చెట్టు నుంచి కారే ప్రతి బొట్టూ పురుగుదే అనుకోరాదు. వేపచెట్టు మొదలు నుంచి పాలవంటి ద్రవం కారుతోందంటే జనం పసుపు కుంకుమలతో తరలివస్తారు. మొక్కుకోవడం ఎవరి ఇష్టం వారిది. కానీ చెట్టుకు లోపల గాయమో, కుళ్లో ఏర్పడినప్పుడు రసం బయటికి తన్నుకు వచ్చి, సూక్ష్మజీవుల వల్ల పులిసి నురగ కడుతుంది. కల్లు వాసన అందుకే. దాన్ని తీర్థంగా పిల్లలకు తాగించడం మాత్రం మానుకోవాలి. ఇక నల్లమద్ది సంగతి వేరు. 2024 మార్చిలో పాపికొండల జాతీయ వనంలో అటవీ అధికారులు ఆ చెట్టు బెరడుకు గాటు పెట్టగా నీరు ధారగా చిమ్మింది. అక్కడి కొండరెడ్లకు ఈ విషయం ముందే తెలుసు.

మామిడికి వస్తే, ఈ తుంపర వింత కాదు, హెచ్చరిక. రసం పోయిన పూత మాడి రాలిపోతుంది, పిందె నిలవదు. ఆకుల మీద పడ్డ తీపి బంకపై నల్లని బూజు పెరుగుతుంది. అదే మసి మంగు. ఆకు నల్లబడగానే తెగులు అనుకొని బూజు మందు కొట్టి చేతులు కాల్చుకునే వారున్నారు. ఆ మసి ఆకును తిని బతకదు, బంకను తిని బతుకుతుంది. పురుగును వదిలేసి మసిని తరిమితే మళ్లీ వస్తుంది.

పోల్చుకోవడం కష్టం కాదు. బొట్టును వేళ్ల మధ్య రుద్దితే జిగురుగా ఉంటుంది. పూత గుత్తిని కదిపితే పురుగులు చిటచిటమని ఎగిరిపడతాయి. పూమొగ్గలు పగిలే దశలోనే ఇది గమనించి ఉద్యాన అధికారుల సలహాతో మందు కొట్టాలి. పూత లేని కాలంలో పురుగులు బెరడు పగుళ్లలో తలదాచుకుంటాయి కనుక మొదలు, కొమ్మలు కూడా తడవాలి. పూత పూర్తిగా విచ్చుకున్నాక కొడితే కాయ పట్టించే ఈగలు, తేనెటీగలు చస్తాయి. డబ్బు పెట్టి దిగుబడి పోగొట్టుకోవడమే అది.

ఈ లెక్క ఇప్పుడు మరీ ముఖ్యం. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలని ప్రకటించినా, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరిన సంగతి జిల్లా రైతాంగానికి విదితమే. అటువంటి ధరకు అదనంగా ఒక్క దఫా మందు కొట్టినా మిగిలేది సున్న.

మందు కంటే చవకైన మార్గం కత్తిరింపు. కొమ్మలు అల్లుకుపోయి ఎండ జొరబడని ముదురు తోపులే ఈ పురుగుకు పుట్టిల్లు. కోత ముగిశాక లోపలి కొమ్మలు తీసి గాలీ వెలుతురూ ఆడనిస్తే బెడద చాలావరకు తగ్గుతుంది. చిక్కు ఎక్కడంటే, తోపును పూతమీదే గుత్తకు తీసుకున్న వ్యాపారికి కొమ్మ నరికే హక్కు ఉండదు. మందు ఖర్చు గుత్తదారుదే గనుక తోపు యజమానికి ఆ తొందర ఉండదు. గుత్త మాట్లాడుకునే రోజునే కత్తిరింపు ఎవరిదో తేల్చుకునే తోపులు ఈ చుట్టుపక్కల అరుదు.